శుక్రకణానికి శక్తి ఎక్కడిది: ఎన్‌ఏడీహెచ్ లైఫ్‌టైమ్ ఇమేజింగ్‌తో తేల్చడం ఎలా

మీరడిగింది ఇదీ: తిరుపతిలోని ఫెర్టిలిటీ క్లినిక్ నుంచి వీర్యం శాంపిల్ తీసుకెళ్లి, ఏర్పేడు దగ్గరి క్యాంపస్‌లో టూ-ఫోటాన్ మైక్రోస్కోపు (ఒక అణువు రెండు లేజరు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకుని వెలిగేలా చేసేది) కింద పెట్టి, రంగులేమీ కలపకుండా, శుక్రకణం గ్లైకాలిసిస్ (ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే దారి) మీద నడుస్తోందో మైటోకాండ్రియా (ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే భాగాలు) మీద నడుస్తోందో ఎన్‌ఏడీహెచ్ (ఈ రెండు దారుల్లోనూ ఎలక్ట్రాన్లు మోసే అణువు) ఫ్లోరెసెన్స్ లైఫ్‌టైమ్‌తో, అంటే లేజరు తగిలాక దాని వెలుగు ఎంతసేపు నిలుస్తుందో చూసి, చెప్పగలమా? చెప్పాలంటే ప్రోటోకాల్ ఏమిటి?

చెప్పగలం. కానీ లైఫ్‌టైమ్ పెరిగింది కాబట్టి మైటోకాండ్రియా పనిచేస్తోంది అని ఒక్క అంకె చూసి రాసేస్తే అది నిలబడదు. శుక్రకణంలో ఈ పద్ధతికి ఉన్న బలమంతా రెండు చోట్ల ఉంది. ఒకటి, మిడ్‌పీస్‌నీ (తల వెనక భాగం) ప్రిన్సిపల్ పీస్‌నీ (పొడవాటి తోక) వేరువేరుగా కొలవగలగడం. రెండోది, అదే శాంపిల్‌లో, అదే రోజు, ఒక్కో దారినీ మూసి తేడా చూడగలగడం. ఈ రెండూ లేని లైఫ్‌టైమ్ బొమ్మ ఎంత బాగా వచ్చినా మీ ప్రశ్నకు జవాబివ్వదు.

ముందు కణం సంగతి. తల పొడవు 4 నుంచి 5 మైక్రాన్లు. దాని వెనక దాదాపు అంతే పొడవున్న మిడ్‌పీస్. మైటోకాండ్రియా అంతా ఇక్కడే, సర్పిలంగా చుట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత 45 మైక్రాన్ల దాకా సాగే ప్రిన్సిపల్ పీస్‌లో మైటోకాండ్రియా అసలు లేవు. అక్కడ ఫైబ్రస్ షీత్‌కి గ్లైకాలిసిస్ ఎంజైములు అతుక్కుని ఉంటాయి. వాటిలో జీఏపీడీహెచ్‌ఎస్ శుక్రకణానికే ప్రత్యేకం. ఎల్‌డీహెచ్‌సీ కూడా అలాంటిదే. జీఏపీడీహెచ్‌ఎస్ జన్యువు తీసేసిన ఎలుకల మీద 2004లో వచ్చిన పనిలో కణాలు తయారయ్యాయి, ఆక్సిజన్ వినియోగం మామూలుగానే ఉంది, కానీ ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి అణువు) పదో వంతుకు పడిపోయింది, కణాలు ముందుకు ఈదలేదు. అంటే రెండు శక్తి దారులూ ఒకే కణంలో స్థలం పరంగా విడిపోయి ఉన్నాయి. లివర్ కణంలోనో క్యాన్సర్ కణంలోనో ఇంత శుభ్రమైన విభజన దొరకదు. పైగా శుక్రకణం కొత్తగా ప్రోటీన్లు తయారు చేసుకోదు కాబట్టి జన్యువుతో చొప్పించే ఏటీపీ సెన్సర్లు మనిషి శుక్రకణంలో కుదరవు. సహజంగా ఉన్న వెలుగునే వాడుకోవడానికి ఇది అసలు కారణం.

ఆ వెలుగు గురించి కొలతకు కావలసినంత: ఎన్‌ఏడీహెచ్ వెలుగుతుంది, ఎన్‌ఏడీ ప్లస్ వెలగదు. స్వేచ్ఛగా ఉన్న ఎన్‌ఏడీహెచ్ లైఫ్‌టైమ్ దాదాపు 0.4 నానోసెకన్లు. ఎంజైముకు అతుక్కుంటే, ఏ ఎంజైము అన్నదాన్ని బట్టి, 1.5 నుంచి 3 పైచిలుకు. ఎన్‌ఏడీపీహెచ్ స్పెక్ట్రమ్ కూడా ఇదే, కాబట్టి పేపర్లో రెండూ కలిపి ఎన్‌ఏడీ(పీ)హెచ్ అనే రాయండి. కణంలో సహజంగా వెలిగే ఇంకో అణువు ఫ్లావిన్‌లో లెక్క తిరగబడుతుంది: స్వేచ్ఛగా ఉన్న ఎఫ్‌ఏడీ 2.3 నానోసెకన్ల దగ్గర, ప్రోటీన్‌కు అతికింది చాలా పొట్టిగా ఉంటుంది. మొదటి ఆరు నెలలూ ఎన్‌ఏడీహెచ్ ఒక్కదాని మీదే ఉండమంటాను.

ఇక శాంపిల్. చికిత్స కోసం ఇచ్చిన దాంట్లో మిగిలిన భాగమే అయినా, పరిశోధనకు వేరే అంగీకారం కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. క్లినిక్ వైపూ క్యాంపస్ వైపూ రెండు చోట్లా ముందే తెచ్చుకోండి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లలో తమిళం మాత్రమే చదివేవాళ్లుంటారు, వాళ్లకు తమిళ ప్రతి కూడా. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు నెగటివ్ వచ్చినా శాంపిల్‌ను అంటుకునేదిగానే భావించి పనిచేయాలి.

సంయమం (శాంపిల్‌కు ముందు స్ఖలనం లేకుండా ఉండే కాలం) రెండు నుంచి ఏడు రోజులు, మీ స్టడీలో అందరికీ ఒకే కాలం ఉంటే మరీ మంచిది. శాంపిల్ ద్రవంగా మారడానికి 30 నుంచి 60 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ దిగువ హద్దులు గుర్తుంచుకోండి: ఎంఎల్‌కు 1.6 కోట్ల కణాలు, మొత్తం చలనం 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం.

మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది పచ్చి వీర్యాన్ని ఏర్పేడు దాకా తీసుకెళ్లడం. సెమినల్ ప్లాస్మాలో (వీర్యంలోని ద్రవభాగం) ఫ్లావిన్లుంటాయి, అది తనంతట తాను వెలుగుతుంది. పైగా అందులో కణాలు ఎక్కువసేపు ఉంటే దెబ్బతింటాయి. ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంట రోడ్డు మీద ఆపిన కారులో ఉష్ణోగ్రత ఎంతకు పోతుందో మీకు తెలుసు. కాబట్టి కడగడం తిరుపతిలోనే పూర్తి చేయండి. 40, 80 శాతం డెన్సిటీ గ్రేడియంట్ (సాంద్రతను బట్టి కణాలను వేరుచేసే సిలికా ద్రవపు పొరలు) మీద 300 జీ (గురుత్వానికి 300 రెట్ల వేగంతో తిప్పడం), 20 నిమిషాలు. అడుగున చేరిన కణాలను తీసి 200 జీ దగ్గర 10 నిమిషాల చొప్పున రెండుసార్లు కడగాలి. సిలికా రేణువులు మిగిలితే తర్వాత మైక్రోస్కోపులో కాంతిని చెదరగొట్టి, జీరో లైఫ్‌టైమ్ ఉన్న దొంగ సిగ్నల్ ఇస్తాయి. అందుకే రెండోసారి కడగడం మానొద్దు. కడిగిన కణాలను 20 మిల్లీమోలార్ హెపెస్ (పీహెచ్ నిలబెట్టే బఫర్) ఉన్న మీడియంలో వేసి, థర్మోకోల్ పెట్టెలో 25 డిగ్రీల దగ్గర తీసుకెళ్లండి. ఐస్ మాత్రం వద్దు, చలికి పొరలు దెబ్బతింటాయి.

మీడియం దగ్గర చాలామంది పొరబడతారు. ఐవీఎఫ్‌లో వాడే హెచ్‌టీఎఫ్ అనే మీడియంలో గ్లూకోజ్ 2.78, పైరువేట్ 0.33, లాక్టేట్ 21.4 మిల్లీమోలార్ ఉంటాయి. లాక్టేట్, పైరువేట్ నిష్పత్తి దాదాపు 65. లాక్టేట్, పైరువేట్‌లను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే ఎల్‌డీహెచ్ రెండు దిక్కులా నడిచే ఎంజైము. బయట ఈ నిష్పత్తి ఎంత ఉంటే లోపల సైటోసాల్‌లో (మైటోకాండ్రియా బయటి కణద్రవం) ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీ ప్లస్‌ల తూకం అటే మొగ్గుతుంది. అంటే మీరు కొలిచేది కణం తీరు కాదు, సీసాలోని మీడియం తీరు అయిపోతుంది. ఉప్పులు, హెపెస్ మాత్రమే ఉన్న బేస్ మీరే కలుపుకుని, నాలుగు రకాలుగా విడగొట్టండి: 5 మిల్లీమోలార్ గ్లూకోజ్ ఒక్కటే, పైరువేట్ ఒక్కటే, లాక్టేట్ ఒక్కటే, ఏ ఇంధనమూ లేనిది. నాలుగింట్లో ఆస్మొలారిటీ (కరిగిన పదార్థాల మొత్తం గాఢత) ఒక్కటే ఉండేలా సోడియం క్లోరైడ్ సర్దండి. ఫినాల్ రెడ్ (పీహెచ్ చూపే రంగు) ఉన్న మీడియం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది.

కెపాసిటేషన్ (అండాన్ని ఫలదీకరించడానికి శుక్రకణం సిద్ధమయ్యే దశ) కూడా చూడాలంటే 25 మిల్లీమోలార్ బైకార్బనేట్, ఎంఎల్‌కు 3 నుంచి 5 మిల్లీగ్రాముల అల్బుమిన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 37 డిగ్రీలు, కనీసం మూడు గంటలు. కానీ బైకార్బనేట్ మీడియాన్ని స్టేజి మీద మామూలు గాలిలో వదిలితే నిమిషాల్లో క్షారం వైపు జరుగుతుంది. గ్యాస్ ఛాంబర్ లేకపోతే హెపెస్ కలిపి మాత్రమే ముందుకు వెళ్లండి.

కణాన్ని నిలబెట్టడమే ఈ మొత్తం పనిలో కష్టమైన అంచె. 60 సెకన్లు ఫోటాన్లు పోగు చేయాలి, కణమేమో సెకనుకు పదుల మైక్రాన్లు పోతుంది. రసాయనంతో ఫిక్స్ చేస్తే కణం చనిపోతుంది, మెటబాలిజమే ఉండదు. చల్లబరిస్తే మెటబాలిజం మారిపోతుంది. తలను మాత్రం గాజుకు అతికించి తోకను కొట్టుకోనివ్వడం సరైన దారి. 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ అడుగున్న డిష్ తీసుకోండి. 0.01 శాతం పాలీ-ఎల్-లైసిన్ పది నిమిషాలు ఉంచి, నీళ్లతో రెండుసార్లు కడిగి ఆరనివ్వండి. ఆ మీద అల్బుమిన్ లేని మీడియంలో కణాలు వేసి పది నిమిషాలు వదిలేయండి. అల్బుమిన్ ముందే ఉంటే గాజును అదే కప్పేస్తుంది, కణాలు పట్టుకోవు. అతుక్కున్నాక అల్బుమిన్ మీడియం మార్చుకోవచ్చు. లైసిన్ ఎక్కువైతే తోక కూడా గాజుకు పట్టుకుని కదలిక ఆగిపోతుంది. కదలిక ఆగితే ఏటీపీ ఖర్చు తగ్గుతుంది, ఎన్‌ఏడీహెచ్ మారుతుంది. కాబట్టి డిష్‌లో అతికిన కణాల్లో తోక స్వేచ్ఛగా కొట్టుకుంటున్నవి ఎన్నో చూసి, సగం కూడా లేకపోతే పూత పలుచన చేయండి.

ఇలా చేస్తే తల, మిడ్‌పీస్ బాగానే నిలుస్తాయి. ప్రిన్సిపల్ పీస్ ఒక పలుచని పొగలా వస్తుంది. దాని మందం అర మైక్రాన్ కూడా ఉండదు కాబట్టి ఫోటాన్లు ఎలాగూ తక్కువే. దానికోసం వేరే డిష్‌లో, తక్కువ ఉష్ణోగ్రతకు గడ్డకట్టే అగరోజ్‌ను 0.5 నుంచి 1 శాతం కలిపి, 37 డిగ్రీల దగ్గర కణాలతో కలిపేసి పలుచగా పరిస్తే తోక ఊపు తగ్గుతుంది. అగరోజ్ డిష్‌ను అగరోజ్ డిష్‌తోనే పోల్చాలి, లైసిన్ డిష్‌తో కాదు.

లేజర్ 740 నానోమీటర్లు, ఆబ్జెక్టివ్ 1.2 లేదా ఆపై ఎన్‌ఏ (న్యూమరికల్ అపర్చర్, లెన్సు కాంతిని పోగుచేసే సామర్థ్యం), ఎమిషన్ 420 నుంచి 500 మధ్య బ్యాండ్. 30 మైక్రాన్ల ఫీల్డును 256 పిక్సెళ్లకు విడగొడితే పిక్సెల్ 0.12 మైక్రాన్ అవుతుంది, అది చాలు. పవర్‌ను ఆబ్జెక్టివ్ దాటాక మీటరుతో కొలిచి 3 నుంచి 5 మిల్లీవాట్ల మధ్య పెట్టండి. సాఫ్ట్‌వేర్ చూపించే శాతాన్ని నమ్మొద్దు. 60 సెకన్లను ఒకే ఫ్రేముగా కాక, 2 సెకన్ల ముక్కలుగా దాచుకోండి. కణం మధ్యలో ఊడిపోతే ఆ ముక్కలే తీసేయవచ్చు.

పైల్-అప్ (ఒకే పల్సుకు రెండు ఫోటాన్లు వచ్చి మొదటిదే లెక్కలో పడే లోపం) సంగతి. దాన్ని తప్పించడానికి పల్సుల్లో ఒక శాతం హద్దు అనుకుంటే, 80 మెగాహెర్ట్జ్ లేజరుకు అది సెకనుకు 8 లక్షల ఫోటాన్లు. శుక్రకణం దాని దరిదాపులకు రాదు. ఇక్కడ మీ శత్రువు బయటి వెలుతురు. హీటర్ స్టేజి మీద మిణుకుమనే చిన్న ఎల్‌ఈడీ బల్బు, కంప్యూటర్ స్క్రీన్, తలుపు కింది సందు, ఇవన్నీ నల్లటి టేపుతో మూయండి. కణాలు లేని మీడియం డిష్‌ను అదే సెట్టింగులతో 60 సెకన్లు తీసి, ఆ కౌంటును ప్రతిరోజూ రాసిపెట్టండి.

ఐఆర్‌ఎఫ్ (తక్షణ వెలుగుకు పరికరం చూపే సొంత స్పందన) కోసం యూరియా స్ఫటికాల సెకండ్ హార్మోనిక్ (లేజరు వేవ్‌లెంగ్త్‌లో సగం దగ్గర వచ్చే కాంతి) వాడేవాళ్లు ఒక చిక్కులో పడతారు. 740 దగ్గర అది 370లో వస్తుంది, మీ ఎమిషన్ ఫిల్టర్ దాన్ని రానివ్వదు. లేజరును 920కి మార్చితే 460లో వస్తుంది, ఫిల్టర్ గుండా పోతుంది. వేవ్‌లెంగ్త్ మారినప్పుడు వచ్చే కొద్దిపాటి సమయపు జరుగుడును ఫిట్‌లో షిఫ్ట్‌తో సర్దుకోవాలి. రోజూ ఇంకో పరీక్ష: 100 మైక్రోమోలార్ ఎన్‌ఏడీహెచ్‌ను పీహెచ్ 8 బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి తీయండి, 0.4 దగ్గర రావాలి. ఆమ్లంలో ఎన్‌ఏడీహెచ్ చెడిపోతుంది, నిన్నటి ట్యూబు పనికిరాదు. అందులోనే ఎల్‌డీహెచ్ కలిపితే లైఫ్‌టైమ్ పొడుగవ్వాలి. ఇవి రెండూ సరిగ్గా రాని రోజున కణాల మీద కొలత మొదలుపెట్టొద్దు.

లెక్కల దగ్గర ఒక కఠిన వాస్తవం ఉంది. ఒకే లైఫ్‌టైమ్‌ను పది శాతం లోపంతో చెప్పడానికి సుమారు 185 ఫోటాన్లు చాలు. రెండు లైఫ్‌టైమ్‌లూ, వాటి వాటాలూ ఏవీ తెలియకుండా అంతే కచ్చితంగా చెప్పాలంటే దాదాపు 4 లక్షలు కావాలని 1992లోనే కోల్నర్, వోల్‌ఫ్రమ్ లెక్కగట్టారు. మిడ్‌పీస్ మొత్తం కలిపినా మీకు కొన్ని వేలే వస్తాయి. అందుకని పిక్సెల్ పిక్సెల్‌కూ రెండు లైఫ్‌టైమ్‌ల ఫిట్ వేసి రంగుల బొమ్మ చేయడం అర్థం లేని పని. మిడ్‌పీస్ పిక్సెళ్లన్నీ ఒక్క డికేగా (వెలుగు తగ్గే వక్రరేఖ) కలిపి, పొట్టి లైఫ్‌టైమ్‌ను 0.4 దగ్గర కట్టేసి, మిగతావి తేల్చండి. లేదా ఆ రోజు డేటా అంతటికీ ఉమ్మడిగా గ్లోబల్ ఫిట్ వేయండి.

ఫేజర్ (ఫిట్ వేయకుండా ప్రతి డికేనీ జీ, ఎస్ అనే రెండు అక్షాల మీద ఒక బిందువుగా చూపే పద్ధతి) దీనికంటే నయం, పైగా తప్పు ఎక్కడుందో అదే చూపిస్తుంది. 80 మెగాహెర్ట్జ్ దగ్గర 0.4 నానోసెకన్లు అర్ధవృత్తం మీద జీ 0.96, ఎస్ 0.19 దగ్గర పడుతుంది. ఎంజైముకు అతుక్కున్న 3.4 నానోసెకన్లది 0.25, 0.44 దగ్గర. మీ కణాల బిందువులు ఈ రెంటినీ కలిపే గీత చుట్టుపక్కల రావాలి. సున్నా, సున్నా వైపు లాగుతుంటే బయటి వెలుతురు చొరబడుతోంది. ఒకటి, సున్నా వైపు లాగుతుంటే చెదిరిన లేజరు కాంతో, సిలికానో ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక కూడా గీత నుంచి పక్కకు ఉంటే వేరే ఫ్లోరెసెంట్ పదార్థం ఉన్నట్టు.

ఇన్హిబిటర్లు, అంటే ఒక్కో శక్తి దారిని మూసే మందులు. మైటోకాండ్రియా శ్వాసను ఆపే రోటెనోన్ 1 మైక్రోమోలార్, ఆంటిమైసిన్-ఏ 1 మైక్రోమోలార్ కలిపి పది నిమిషాలు: మిడ్‌పీస్‌లో ఎన్‌ఏడీహెచ్ పేరుకుని తీవ్రత పెరగాలి. ఆ శ్వాసను కట్టు తెంచి వేగంగా నడిపించే ఎఫ్‌సీసీపీ 0.5 నుంచి 1 మైక్రోమోలార్: అక్కడే తీవ్రత పడిపోవాలి. ఎఫ్‌సీసీపీని అల్బుమిన్ పట్టేసుకుంటుంది కాబట్టి అల్బుమిన్ ఉన్న మీడియంలో ఈ డోసు చాలకపోవచ్చు, మీ మీడియంలోనే డోసు కొద్దికొద్దిగా పెంచి చూసుకోండి. రోటెనోన్ ప్లాస్టిక్‌కు అంటుకుని వదలదు, ఆ డిష్ కడిగి మళ్లీ వాడొద్దు. మందులు కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు, కంట్రోల్‌లోనూ అంతే ఉండాలి. ప్రిన్సిపల్ పీస్‌కు ఆక్సమేట్ 20 నుంచి 50 మిల్లీమోలార్ వాడితే ఎల్‌డీహెచ్ ఆగుతుంది. 50 మిల్లీమోలార్ సోడియం ఆక్సమేట్ అంటే సుమారు 100 మిల్లీఆస్మోల్ అదనం, అంత ఉప్పు తగ్గించకపోతే మీరు చూసేది కణం ముడుచుకుపోవడమే. గ్లైకాలిసిస్‌ను ఆపడానికి వాడే 2-డీఆక్సీగ్లూకోజ్‌తో జాగ్రత్త: గ్లైకాలిసిస్ మొదటి ఎంజైము హెక్సోకైనేజ్ దానికి కూడా ఏటీపీ ఖర్చుపెడుతుంది. కదలిక తగ్గినంత మాత్రాన గ్లైకాలిసిస్ ఆగిందని రుజువు కాదు.

ఇన్హిబిటర్ లేకుండానే మంచి పరీక్ష పైరువేట్, లాక్టేట్ డిష్‌ల పోలిక. ప్రిన్సిపల్ పీస్‌లో పైరువేట్ ఎన్‌ఏడీహెచ్‌ను తగ్గిస్తుంది, లాక్టేట్ పెంచుతుంది. మిడ్‌పీస్‌లో మాత్రం పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లి అక్కడ ఎన్‌ఏడీహెచ్ తయారు చేస్తుంది. రెండు భాగాలూ వేర్వేరు దిక్కులకు కదిలితే మీ స్థల విభజన నిజంగా పనిచేస్తున్నట్టే. రోటెనోన్‌కు రెండు భాగాలూ సమానంగా మారితే ఫోకస్ జారడమో, తోక కదిలి మిడ్‌పీస్ వెలుగు అందులో కలవడమో, కణం మొత్తంగా దెబ్బతినడమో జరిగింది.

మోసం చేసేవి ఇంకొన్ని. సీల్ చేసిన ఛాంబర్‌లో కణాలు చిక్కగా ఉంటే ఆక్సిజన్ అయిపోయి, రోటెనోన్ వేసినట్టే ఎన్‌ఏడీహెచ్ పెరుగుతుంది. ఎంఎల్‌కు 20 నుంచి 50 లక్షల కణాలు మించొద్దు, డిష్ మూత వదులుగా ఉంచండి. ఆయిల్, వాటర్ ఆబ్జెక్టివ్‌లు డిష్ వేడిని లాగేస్తాయి. స్టేజి 37 చూపిస్తున్నా ఏసీ గదిలో కణం దగ్గర అంత ఉండదు, ఆబ్జెక్టివ్‌కు కూడా హీటర్ కట్టాల్సిందే. తెల్లరక్తకణాలు, మెడ దగ్గర సైటోప్లాజమ్ మిగిలిన కణాలు విపరీతంగా వెలుగుతాయి, బ్రైట్‌ఫీల్డ్ చూసి వాటిని వదిలేయండి. ఇమేజింగ్ అయ్యాక, ముందు కాదు, ప్రొపీడియం అయొడైడ్ కలిపి చనిపోయినవి గుర్తించి డేటాలోంచి తీయండి. మైటోకాండ్రియా హద్దు కావాలంటే వాటికి పట్టే రంగు టీఎంఆర్‌ఎం 20 నానోమోలార్ కూడా అప్పుడే.

లేజరు దెబ్బ తగులుతోందో లేదో తోకే చెబుతుంది. 1996లోనే 760 నానోమీటర్ల ఆప్టికల్ ట్వీజర్లు (లేజరు కాంతితో కణాన్ని పట్టి ఉంచే పరికరం) శుక్రకణాలను పక్షవాతం వచ్చినట్టు ఆపేస్తాయని, కారణం టూ-ఫోటాన్ శోషణ అని చూపించారు. మీరు వాడేది సరిగ్గా ఆ ప్రాంతమే. ప్రతి కణానికీ ఇమేజింగ్‌కు ముందు, తర్వాత ఐదేసి సెకన్ల వీడియో తీసి తోక కొట్టే వేగం పోల్చండి. పది శాతం మించి తగ్గితే పవర్ తగ్గించి, సమయం పెంచండి. వీలైతే స్కాన్ పెట్టెను తల మీదికి రానివ్వకుండా మిడ్‌పీస్ మీదే పెట్టండి.

టూ-ఫోటాన్ మీద సమయం దొరకకపోతే 375 నానోమీటర్ల పల్స్‌డ్ డయోడ్‌తో కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు మీద ఫ్లిమ్ (ఇదే లైఫ్‌టైమ్ ఇమేజింగ్) కుదురుతుంది, అయితే ఆబ్జెక్టివ్ ఆ కాంతిని ఎంత పంపుతుందో ముందు చూసుకోవాలి. మామూలు కాన్‌ఫోకల్‌లో ఉండే 405 నానోమీటర్లకు ఎన్‌ఏడీహెచ్ దాదాపు స్పందించదు, దాంతో తీసినదాన్ని ఎన్‌ఏడీహెచ్ అనొద్దు.

స్టాటిస్టిక్స్‌లో మీ లెక్కింపు యూనిట్ దాత, కణం కాదు. ఒక్క దాత నుంచి 200 కణాలు తీసినా లెక్కలోకి వచ్చేది ఒక్కటి మాత్రమే. ఒక్కో పరిస్థితికి 20, 30 కణాలు చాలు, దాతలను పెంచండి, వీలైతే ఒకే దాత నుంచి వేరే రోజున రెండో శాంపిల్ కూడా. ఆరోజే మిగిలిన కణాల్లో కొన్నింటిని లూసిఫరేజ్‌తో ఏటీపీకి, కొన్నింటిని కాసాతో (కంప్యూటర్‌తో వీర్యం పరీక్ష) కదలికకు, అవే నాలుగు మీడియాల్లో కొలవండి. మొదటి శాంపిల్‌కు ఇన్హిబిటర్లు తీయకండి. గ్లూకోజ్ డిష్ ఒక్కటి పెట్టి, ఏ మందూ వేయకుండా ప్రతి పదిహేను నిమిషాలకూ కొత్త కణాలను తీస్తూ రెండు గంటలు చూడండి. ఆ రెండు గంటల్లో లైఫ్‌టైమ్ తనంతట తాను ఎంత జరుగుతుందో, మీ ఇన్హిబిటర్ తేడా అంతకంటే పెద్దదై ఉండాలి.